తోక మార్చిన సాక్ష్యం

మంగళవారం, పోటు

పొద్దున్నే మిద్దె ఎక్కి సోలార్ పలకల మీద ఉప్పు తుడిచాను. నిన్న తుడవలేదు కాబట్టి ఇవాళ రెండింతలు పేరుకుంది. తేలే ఊరు కాబట్టి మా ఊరికి తేలుపేట అని పేరు పెట్టారు. కుట్టేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఆ పేరు నిలిచింది.

నిన్న తుడవకపోవడానికి కారణం ఉంది. గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా, నా కళ్ళ ముందే ఆరో తెప్ప తెగిపోయింది. ఐదో తెప్పకూ దానికీ మధ్య ఉన్న కీలు విడిపోయింది. తెప్ప గిర్రున తిరిగి, మంచినీళ్ళ ట్యాంకులున్న వైపు సముద్రంలోకి ఒరిగింది. ఊరు దాచుకున్న వాన నీళ్ళలో సగం సముద్రంలో కలిశాయి, సముద్రానికి నీళ్ళు తక్కువైనట్టు. ఇద్దరికి కాళ్ళు విరిగాయి. ప్రాణాలు పోలేదు. అయినా నీళ్ళు పోయాయి కాబట్టి ఊరంతా శవం లేచినట్టే ఉంది.

సాయంత్రానికి దోషి దొరికాడు. గొలుసుల కాపలాదారు నూకరాజు. నిద్రపోయాడట, గంట కొట్టలేదట.

అతను కొట్టాడు. నేను చూశాను. కీలు కిర్రుమనడం మొదలైన దగ్గర్నుంచీ రెండు చేతులా తాడు పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. గాలి ఎదురుగా ఉంది. ఆ చప్పుడు సముద్రంలోకి పోయిందే తప్ప ఊళ్ళోకి రాలేదు.

ఇంకొకటి కూడా చూశాను. అంతకు ముందురోజు సాయంత్రం అదే కీలు దగ్గర నా మనవడు భార్గవ గొంతుక్కూర్చుని ఉన్నాడు. వాడు ఊరికి లంగరు ఇంజనీరు. “ఏం చేస్తున్నావురా?” అని పైనుంచి కేకేశాను. “ఏం లేదమ్మమ్మా, గ్రీజు రాస్తున్నా” అన్నాడు. గ్రీజు రాసినవాడు చెయ్యంత పొడుగు ఇనుప పిన్ను గోనెలో చుట్టుకుని వెళ్ళడు. కొత్త బడి తెప్పకు శుక్రవారం ప్రారంభోత్సవం. దానికి పిన్నులు తక్కువైనట్టున్నాయి. కీలుకున్న రెండింట్లో ఒకటి తీసినా నాలుగైదు రోజులు ఆగుతుందనుకున్నాడు. అది ఒక్క రాత్రే ఆగింది.

మా ఊళ్ళో విచారణకు నోటిమాట చెల్లదు. చూసినవాళ్ళు చూసింది మూడు రోజుల్లోపు తమ కంప్యూటర్లో రాసి, ఫైలు పేరు చివర .సాక్ష్యం అని తోక తగిలించి భద్రం చెయ్యాలి. వెనకటికి నోళ్ళతో విచారణ జరిపితే అది కత్తులతో ముగిసిందట, అందుకని ఈ ఏర్పాటు. నిన్న సాయంత్రమే కూర్చుని అంతా రాశాను. ఫైలు పేరు: ఆరో తెప్ప కీలు, భార్గవ, నూకరాజు.సాక్ష్యం. ముప్ఫై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, సీసా మీద పేరు రాయకుండా ఏదీ అలమరలో పెట్టను.

సువర్చలకు చెప్పలేదు. నా కూతురే కాదు, భార్గవ తల్లి కూడా. చెప్పడానికి మంచి సమయం కోసం చూస్తున్నాను. అలాంటి సమయం ఉండదని తెలిసే చూస్తున్నాను.

బుధవారం, ఆటు

ఆటు రోజుల్లో తెప్ప అడుగున పట్టిన గుల్లలు గీకాలి. నా వయసు వాళ్ళకు మినహాయింపు ఉంది. ఆ మాట గుర్తుచేసే బాధ్యత సువర్చల తీసుకుంది.

“అమ్మా, నువ్వు దిగకు. జారితే నిన్ను పైకి లాగడానికి క్రేను కావాలి.”

“క్రేను నీ కొడుకు చేతిలోనే ఉందిగా. అడుగు.”

నవ్వింది. పాపం, ఇంకా నవ్వగలుగుతోంది.

మధ్యాహ్నం నూకరాజు భార్య వరాలు వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. చేతిలో ఎండబెట్టిన నాచు కట్ట ఉంది, వట్టి చేతులతో రాలేక తెచ్చినట్టుంది.

“మావోడు నిద్దరోయే మనిసి కాదు టీచరుగారండి. ఇంటికాడ కూడా నిద్దరోడు. గాలేస్తే లేచి కూకుంటాడు.”

“నాకు తెలుసమ్మా.”

“తెలిసినోళ్ళు రాస్తారా మరి? అందరూ తెలుసంటన్నారండి. తెలుసు తెలుసంటానే గట్టుకి పంపేసేలా ఉన్నారు.”

గట్టు అంటే మునిగిపోగా మిగిలిన నేల. బురద, దోమలు, ఉప్పు మళ్ళలో పని. కాపలాలో నిద్రపోయినవాణ్ణి అక్కడికి పంపితే మళ్ళీ పిలవరు. పెళ్ళాం పిల్లలు మాత్రం ఇక్కడే ఉండాలి, తెప్పల మీద పని చేసే చేతులు తగ్గకూడదు కాబట్టి. వరాలుకు ఇద్దరు ఆడపిల్లలు.

“రాశాను,” అన్నాను. “అతను గంట కొట్టడం చూశాను, అదే రాశాను. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం విచారణలో చదువుతారు. వెళ్ళి అన్నం తిను.”

ఆమె నాచు కట్ట గడప మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగితే వంటింటి తలుపు దగ్గర సువర్చల నిలబడి ఉంది.

“ఏం రాశావమ్మా?”

“గంట సంగతి.”

“అంతేనా?”

“కూర మాడుతోంది చూసుకో,” అన్నాను. మాడలేదు.

గురువారం, పోటు

భార్గవ రెండు వంజరాలు పట్టుకుని వచ్చాడు. వీడు చేప తెచ్చాడంటే ఏదో అడగబోతున్నాడని అర్థం. చిన్నప్పుడు మార్కులు తక్కువొస్తే నా కళ్ళజోడు తుడిచి తెచ్చేవాడు.

“అమ్మమ్మా, ఆ రోజు పొద్దున్న నువ్వు మిద్దె మీదున్నావట.”

“రోజూ ఉంటాను. ఉప్పు నీ కోసం ఆగదు.”

“ఏమైనా కనిపించిందా?”

“నీకేం కనిపించిందిరా, ముందురోజు సాయంత్రం? గ్రీజు బాగా పట్టిందా?”

వాడు చేప పొలుసు గోటితో గీకుతూ కూర్చున్నాడు. మంచి తెలివైన పిల్లాడు. ఊరు మొత్తాన్ని నీళ్ళ మీద నిలబెట్టే లెక్కలన్నీ వాడి బుర్రలో ఉన్నాయి. అందుకే ఒక పిన్ను తగ్గినా లెక్క నిలబడుతుందనుకున్నాడు.

“బడి తెప్ప ఆగకూడదమ్మమ్మా. పిల్లలు రెండేళ్ళ నుంచి గోదాముల్లో చదువుతున్నారు.”

“బడి కోసమే చేశావు. ఒప్పుకుంటాను. వెళ్ళి ఆ మాటే చెప్పు.”

“చెబితే నా ఉద్యోగం పోతుంది.”

“చెప్పకపోతే నూకరాజు పోతాడు.”

వాడు లేచి వెళ్ళిపోయాడు. సువర్చల చేప మాత్రం బాగా వండింది.

శనివారం, పోటు

సర్దుబాటు రోజు. వారమంతా మిగిల్చిన కరెంటుతో శనివారం మధ్యాహ్నం ఊళ్ళో ప్రతి కంప్యూటరూ తన ఫైళ్ళను తనే సర్దుకుంటుంది. ఫ్యాన్లు ఆగిపోతాయి, పొయ్యిలు ఆగిపోతాయి. మనుషులు చెమటలు కక్కుతూ కంప్యూటరున్న గదిలో మాత్రం చల్లగా ఉంచుతారు.

నేలంతా ముంచిన పెద్ద వరదలో తడిసిన యంత్రాల నుంచి తీసిన ఫైళ్ళలో సగం లోపల చెడిపోయి ఉండేవి, పేర్లు మాత్రం మిగిలాయి. అందుకని పేరు చివరి తోకను నమ్మి, లోపలి సరుకును దానికి తగ్గట్టు బాగుచెయ్యడం ఈ యంత్రాలకు నేర్పారు. .పాట అని ఉంటే చిరిగిన పాటను కుట్టి పాట చేస్తుంది. .వంట అని ఉంటే పోయిన కొలతలు ఊహించి పెడుతుంది. మంచి పనే. వరద అయిపోయి నలభై ఏళ్ళయినా ఆ అలవాటు మాన్పించేవాడు దొరకలేదు.

ఫ్యాను లేక నేను వరండాలో కూర్చుంటే సువర్చల వచ్చి తలకు నూనె రాస్తానంది. అది నా తల ముట్టుకుని ఏళ్ళయింది. కూర్చున్నాను. మాడు మీద నెమ్మదిగా మర్దనా చేసి, చిక్కులు తీసి, జడ వేసింది.

“నేనంటే కోపమా అమ్మా నీకు?”

“ఇవాళ లేదు,” అన్నాను. కళ్ళు మూతలు పడ్డాయి. మంచి నూనె.

ఆదివారం, ఆటు

సాక్ష్యంలో గాలి దిక్కు సరిగ్గా రాశానో లేదో చూసుకుందామని కంప్యూటర్ తెరిచాను. ఫైలు ఉంది. పేరు ఉంది. చివర .కథ అని ఉంది.

తెరిచాను. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను, నా ఒక్కదాని కడుపు మండితే సరిపోదు.

“నీలి కెరటాల ఒడిలో ఊయలలూగే ఆ తెప్పల ఊరిలో, ముడతల మధ్య వెన్నెల పూసే ఒక అవ్వ ఉండేది.”

ఆ అవ్వ నేను. డెబ్భై ఎనిమిదేళ్ళ బతుకులో నన్నెవరూ ఇంతగా అవమానించలేదు.

తర్వాత గంట కొట్టే ఒక యువకుడు ఉన్నాడు. పేరు సాగర్, పిల్లనగ్రోవి వాయిస్తాడు. నూకరాజు పిల్లనగ్రోవి వాయిస్తే వరాలు దానితోనే కొడుతుంది. గుణవంతుడైన ఒక ఇంజనీరు ఉన్నాడు, కీలుకు ప్రేమగా గ్రీజు రాస్తాడు. పిన్ను లేదు. గోనె లేదు. కెరటాలకు కోపం వచ్చి తెప్ప తెగింది. చివర అందరూ చేతులు పట్టుకుని అస్తమించే సూర్యుణ్ణి చూశారు. పొద్దున్నపూట జరిగినదానికి సూర్యుడు అస్తమించడం ఒక్కటే మిగిలింది, అదీ చేశాడు.

రెండోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు.

ఎవరో .సాక్ష్యం చెరిపేసి .కథ అని కొట్టారు. తోక మారిస్తే ఫైలు పనికిరాకుండా పోవచ్చు, మార్చమంటారా అని యంత్రం అడిగే ఉంటుంది. అవునని వేలు పెట్టి ఉంటారు. మార్చిన నిమిషాన లోపల ఏమీ మారలేదు. నిన్న పొద్దున్న చూసి ఉంటే తోక వెనక్కి తిప్పేదాన్ని, నా అక్షరాలు నాకు దక్కేవి. నిన్న మధ్యాహ్నం సర్దుబాటు జరిగింది. తోక కథ అంటోంది, లోపల కథ లేదు కాబట్టి యంత్రం శ్రద్ధగా ఒక కథ అల్లి పెట్టింది. ఒకే ఫైలు రెండు ఉంటే చెత్త కింద ఊడ్చేస్తుంది కాబట్టి మా ఊళ్ళో ఎవరూ నకళ్ళు పెట్టుకోరు.

యంత్రం చిట్టాలో ‘యజమాని వేలు’ అని ఉంది. మా ఊళ్ళో ప్రతి మనిషికీ ఒక తోడువేలు ఉండాలి. మనం పోతే ఫైళ్ళు తాళంలో ఉండిపోకుండా, నమ్మినవాళ్ళ వేలొకటి మన పేరు మీద నమోదు చేయిస్తాం. తోడువేలు చేసింది యజమాని చేసినట్టే లెక్క, యంత్రానికీ, చట్టానికీ కూడా.

నా తోడువేలు సువర్చలది. నిన్న మధ్యాహ్నం నా తలలో ఆ వేళ్ళే ఉన్నాయి. సర్దుబాటు పూర్తయ్యేదాకా నన్ను కంప్యూటర్ దగ్గరికి పోనివ్వకుండా జడ వేస్తూ కూర్చుంది.

సోమవారం, పోటు

బియ్యం ఏరుతుంటే అడిగాను.

“నువ్వేనా?”

అది చేట పక్కన పెట్టలేదు. “నేనే.”

“ఎప్పుడు?”

“శుక్రవారం. నువ్వు బడి తెప్ప ప్రారంభం చూడ్డానికి వెళ్ళినప్పుడు.”

“చదివావా?”

“పేరు చూశాను. నా కొడుకు పేరు రాసి పెట్టావుగా సీసా మీద రాసినట్టు. చదివితే వేలు ఆడదని చదవలేదు.”

నాకు అన్నిటికన్నా అక్కడే మండింది. పరీక్ష పేపరు చదవకుండా సున్నా వేసే మేష్టర్లను ఉద్యోగం చేసినన్నాళ్ళూ చూశాను, ఒక్కళ్ళనూ క్షమించలేదు.

“ఆ నూకరాజుకు ఇద్దరు పిల్లలే.”

“నాకొక్కడే అమ్మా.”

“వాణ్ణి గట్టుకు శాశ్వతంగా పంపరు. ఇంజనీరు లేకపోతే ఊరు నడవదు. ఏదో శిక్ష వేసి వెనక్కి పిలుస్తారు. అతన్ని పిలవరు.”

“నీకు ముందే చెప్పాలనిపించలేదా? నా కొడుకు మీద సాక్ష్యం రాసి, భద్రం చేసి, చేతులు కడుక్కుని వచ్చి నా చేతి కూడు తిన్నావు. మోసం ఎవరు మొదలుపెట్టారే అమ్మా? నేనా?”

కోపం వస్తే అది నన్ను ఒసేయ్, ఏమే అంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే. తిట్టినా మానలేదు.

“నేను చెప్పకపోవడం తప్పే కావచ్చు,” అన్నాను. “కానీ నేను నీ ఫైలు ముట్టుకోలేదు. నా వేలు నీకిచ్చింది నేను పోయాక వాడుకోమని. నేనింకా ఇక్కడే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను.”

అది చేట దించి వంటింట్లోకి వెళ్ళింది. కుక్కర్ మూత పెట్టిన చప్పుడు మామూలుకన్నా గట్టిగా వినిపించింది. అంతే, మా ఇంట్లో యుద్ధం అయిపోయింది. అన్నంలో రాయి మాత్రం రాలేదు.

బుధవారం, ఆటు

విచారణ అధ్యక్షురాలు ఇందుమతి దగ్గరికి వెళ్ళాను. నా దగ్గర చదువుకున్న పిల్లే, ఇప్పుడు జుట్టంతా నెరిసింది. లేచి కుర్చీ వేసింది.

“టీచరుగారూ, మీరు చెప్పేది నేను నమ్ముతాను. కానీ నా నమ్మకం ఫైలు కాదు కదండీ.”

“మళ్ళీ రాస్తాను. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.”

“మూడు రోజులు దాటాయి. ఇప్పుడు రాసినా, మీరు రోజూ రాసుకునేదాంట్లో ఉన్నా, గడువులోపు సాక్ష్యం తోక లేదు కాబట్టి .జ్ఞాపకం కిందే వెళ్తుంది. జ్ఞాపకాలు విచారణలో చదవరు.”

“ఆ కథకే మళ్ళీ సాక్ష్యం తోక తగిలిస్తే?”

“తగిలించకండి,” అంది వెంటనే. “శనివారం సర్దుబాటులో యంత్రం ఆ కథను సాక్ష్యంగా బాగుచేస్తుంది. కెరటాల వల్ల తెగిందనీ, ఇంజనీరు గ్రీజు రాశాడనీ మీ పేరు మీద రుజువు తయారవుతుంది. ఆదివారం నేనే చదవాల్సి వస్తుంది.”

తోక తీసేస్తే సరుకు లేదు, తోక పెడితే అబద్ధానికి నా సంతకం.

ఆమె గ్లాసులో మంచినీళ్ళు పోసి ఇచ్చింది. ఈ రోజుల్లో అది పెద్ద మర్యాద. సగం తాగి సగం ఆమెకే ఇచ్చేశాను.

“సువర్చల వచ్చి తనే మార్చానని ఒప్పుకుంటే?” అని అడిగాను.

“ఆమె మీద నేరం రాస్తాం. కానీ అందులో ఏముందో ఆమె చెప్పాలి కదా.”

“చదవలేదు.”

“అయితే లాభం లేదండి. మారిందని తెలుస్తుంది, ఏం మారిందో తెలియదు. నూకరాజు సంగతి నూకరాజుదే.”

వచ్చే దారిలో వరాలు ఎదురైంది. మొగుడి చొక్కాలు ఉతికి ఆరేస్తోంది. నన్ను చూసి నవ్వింది, ధైర్యంగా. రాశానని నేను చెప్పిన మాట నమ్ముకుని నవ్విన నవ్వు అది. జవాబుగా నవ్వలేక, మోకాలు నొప్పి ఉన్నట్టు కుంటుకుంటూ వచ్చాను. అది కూడా నటనే.

శుక్రవారం, ఆటు

ఊరి నిబంధనలు మొత్తం చదివాను. ఇన్నేళ్ళుగా ఆ ఫైలు తెరిచిన పాపాన పోలేదు. రాసినవాడికి వాక్యం ముగించడం రాదు. అయినా వాడు ఒక్క చోట బుర్ర వాడాడు.

నేరం ఒప్పుకునేవాళ్ళు మాత్రం నోటితోనే ఒప్పుకోవాలి. వేళ్ళు అరువిచ్చుకునే ఊళ్ళో రాతపూర్వకమైన ఒప్పుకోలును నమ్మలేరు కాబట్టి. దానికి మూడు రోజుల గడువు లేదు. తన నష్టానికి తానే చెప్పుకునే మాట కాబట్టి, అందులో వచ్చిన ప్రతి విషయమూ రుజువుగా చెల్లుతుంది. సాక్ష్యాన్ని చెరిపినవాళ్ళయితే, చెరిపింది ఏమిటో సభలో పూర్తిగా చెప్పి తీరాలి.

తోడువేలు చేసింది యజమాని చేసినట్టే, ఆ వేలి మనిషే లేచి నాదని ఒప్పుకుంటే తప్ప.

కాబట్టి నా సాక్ష్యాన్ని చెరిపింది, చట్టం లెక్కన, నేనే. నేను ఒప్పుకుంటే నన్ను ఎవరూ కూర్చోబెట్టలేరు. మొదట్నుంచి చివరిదాకా చెప్పాల్సిందే, వాళ్ళు వినాల్సిందే.

శిక్ష ఏమిటో కూడా చదివాను. గట్టు కాదు. యజమాని హక్కు పోతుంది. బతికినన్నాళ్ళూ కంప్యూటర్ మీద వేలు పెట్టకూడదు. ఆ మనిషి ఫైళ్ళన్నీ తోడువేలుకు చెందుతాయి.

అంటే నా పాఠాలు, ఆయనతో తీయించుకున్న రెండు ఫొటోలు, సువర్చల పుట్టినప్పటి ఏడుపు రికార్డింగు, రోజూ రాసుకునే ఈ లాగ్, అన్నీ నా గొంతు కోసిన వేలికే ఇస్తారు. చట్టం రాసినవాడికి హాస్యం తెలుసు.

సువర్చలకు ఈసారి ముందే చెప్పాను. చారు పోసుకుంటూ చెప్పాను. అది గరిటె గిన్నెలో పెట్టేసింది.

“వాడు నీ మనవడే అమ్మా,” అంది.

“అవును. అందుకే మజ్జిగ పోసుకోవాలనిపించడం లేదు,” అని లేచాను.

ఆదివారం, పోటు

నూకరాజును ముందు వరసలో కూర్చోబెట్టారు. గడ్డం పెరిగింది. పక్కన పిల్లలిద్దరూ చెరో చెయ్యి పట్టుకుని ఉన్నారు. భార్గవ ఇంజనీర్లతో ఒక పక్కగా ఉన్నాడు. సువర్చల చివరి వరసలో, తలుపు దగ్గర.

సాక్ష్యాలు చదివారు. గంట వినలేదని పదకొండు మంది రాశారు. విన్నామని ఎవరూ రాయలేదు, గాలి సాక్ష్యం రాయదు కదా. ఇందుమతి, “ఇంకేమైనా ఉన్నాయా” అని అడిగింది.

లేచాను. “సాక్ష్యం లేదమ్మా. ఒప్పుకోలు ఉంది.”

సభ గుసగుసలాడింది. ఇందుమతి నన్ను చూసిన చూపులో విషయం అర్థమైనట్టే ఉంది. ఆ పిల్ల ఎప్పుడూ ప్రశ్న పూర్తికాకముందే చెయ్యెత్తేది.

“హైమవతిగారూ. మీ సాక్ష్యం ఫైలుకు తోక మార్చిన వేలు ఎవరిది? మీ ఇంట్లో తోడువేలు కూడా ఉంది. ఆలోచించుకుని చెప్పండి.”

తలుపు వైపు చూశాను. నేను ఆశపడ్డానని ఒప్పుకోవడం నా వయసుకు తగదు. అయినా ఆశపడ్డాను. లేచి నిలబడుతుందేమోనని, “అమ్మది కాదు, నాది” అంటుందేమోనని. నాకు కావలసింది ఆ ఒక్క మాటే. అది అనేస్తే నా ఒప్పుకోలు చెల్లదు, నూకరాజు మునుగుతాడు. అయినా నా పాడు మనసు ఆ మాట కోసమే చెవులు రిక్కించింది. సువర్చల చీర అంచు పట్టుకుని, దారాలు లెక్కపెడుతున్నట్టు కూర్చుంది. తల ఎత్తలేదు.

“నాదే,” అన్నాను.

తర్వాత అంతా చెప్పాను. గంట, గాలి, కిర్రుమన్న కీలు. ముందురోజు సాయంత్రం, గోనె, పిన్ను, గ్రీజు అన్న మాట. మనవడి పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించలేదు. వెనక బెంచీ దాకా వినపడాలని అలవాటు. మధ్యలో ఎవరో, “మనవడి మీదేనా ముసలమ్మా” అన్నారు. “మరి పక్కింటివాడి మనవడు తీయలేదు నాయనా పిన్ను” అన్నాను. ఆ తర్వాత ఎవరూ అడ్డు రాలేదు.

భార్గవ లేచి, “నిజమేనండి” అన్నాడు. అంత చిన్న మాటకు రెండు వారాలు పట్టింది.

నూకరాజును వదిలేశారు. వరాలు ఏడవలేదు, మొగుడి చొక్కా గుండీ సరిచేసింది. భార్గవకు రెండు వానాకాలాలు గట్టు మీద పని. తర్వాత వెనక్కి వస్తాడు. ఇంజనీర్లకు శిక్ష కూడా ఇంజనీర్లు లెక్కగట్టినట్టే ఉంటుంది. నా హక్కు రేపు పొద్దుగూకేసరికి పోతుంది.

సోమవారం, ఆటు

ఇవాళ పొద్దున్న పడవలో భార్గవ వెళ్ళాడు. నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు గానీ మొహం చూడలేదు. వాడికి దుప్పటి ఇచ్చాను. దోమలకు మందు ఎలా కలపాలో చెప్పాను. వాడు వింటున్నట్టే ఉన్నాడు.

ఇంటికి వచ్చాక సువర్చల నాకు కాఫీ ఇచ్చింది. నేను తాగాను. మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. రెండు గదుల ఇల్లు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక కంప్యూటర్. ఇంకెక్కడికీ పోలేం.

కాబట్టి ఇక్కడే మాట్లాడతాను. సువర్చలా, సాయంత్రం నుంచి ఇది నీది. నేను చదవమని నీ చేతికి ఇవ్వడం కాదు, చట్టం ఇస్తోంది.

నిన్న నువ్వు నోరు తెరిచి నిజం చెప్పి ఉంటే నా ఒప్పుకోలు కొట్టేసేవాళ్ళు. నీ కొడుకు నీకు దక్కేవాడు. ఒక్క మాట ఖర్చు. నువ్వు ఆ మాట అనలేదు. భయపడి అనలేదో, నన్ను చెప్పనిద్దామని ఊరుకున్నావో నాకు తెలియదు. భయమేనని నా అనుమానం, నిన్ను కన్నదాన్ని కాబట్టి. రెండోదయితే నాకు ఎప్పుడూ చెప్పకు. చెబితే నిన్ను క్షమించాల్సి వస్తుంది, నాకింకా ఆ ఓపిక రాలేదు.

ఈ లాగ్‌ను నువ్వు ఏమైనా చేసుకోవచ్చు. కథ అని పెడితే నన్ను మళ్ళీ వెన్నెల పూసే అవ్వను చేస్తుంది. పాట అని పెడితే ఏం చేస్తుందో నేను ఊహించను. తోక నీ ఇష్టం.

శనివారం లోపు మాత్రం, నేను రాసింది రాసినట్టు, ఒక్కసారి చదువు.